376 మంది పోలీసులు, 77 నిమిషాలు: పెను ప్రమాదాల వేళ పోలీసు వ్యవస్థ ఎలా కదులుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

2022 మే 24న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, యువాల్డీ పట్టణంలో ఒక సాయుధుడు రాబ్ ఎలిమెంటరీ స్కూల్లోకి చొరబడ్డాడు. మూడు నిమిషాలు గడిచేలోపే పోలీసులు కూడా లోపలికి వచ్చారు. తరగతి గది తలుపు దాకా వెళ్లి, లోపలి నుంచి తూటాలు రాగానే వెనక్కి తగ్గారు. ఆ తర్వాత ఒక్కో విభాగం నుంచి వచ్చి చేరుతూ మొత్తం 376 మంది అయ్యారు. లోపల చిక్కుకున్న పిల్లలు ఫోన్ చేసి సాయం అడుగుతూనే ఉన్నారు. దుండగుడు బడిలో అడుగుపెట్టిన 77 నిమిషాలకు గానీ అతన్ని మట్టుబెట్టలేదు. 19 మంది విద్యార్థులు, ఇద్దరు టీచర్లు చనిపోయారు.

పది నెలల తర్వాత, 2023 మార్చి 27న, నాష్‌విల్ నగరంలోని మరో బడిలో ఇలాంటి దాడే జరిగింది. అక్కడ మొదటి ఫోన్ రావడానికి, దాడి చేసిన వ్యక్తిని పోలీసులు కాల్చివేయడానికి మధ్య గడిచింది 14 నిమిషాలు. ఆరుగురు చనిపోయారు, నిజమే. కానీ వచ్చిన కొద్దిమంది పోలీసులు ఒక్కో గదీ చూసుకుంటూ, కాల్పుల శబ్దం వినిపించిన వైపే పరుగెత్తారు.

దేశం ఒకటే. శిక్షణలో నేర్పే సూత్రాలూ దాదాపు ఒకటే. సిబ్బంది, ఆయుధాలు ఎక్కువగా ఉన్నది యువాల్డీలోనే. అయినా ఫలితంలో ఇంత తేడా ఎందుకు వచ్చింది? ధైర్యసాహసాల తేడా అనడం తేలికైన జవాబు. దర్యాప్తు నివేదికలు చదివితే అంతకంటే చప్పగా, అంతకంటే ఇబ్బందికరంగా ఉండే కారణాలు కనిపిస్తాయి. ఎవరు పెద్ద, ఎవరికి ఏం తెలుసు, తెలిసింది ఎవరికి చెప్పారు. పెద్ద ఘటనల్లో పోలీసుల పనితీరు చాలావరకు ఈ మూడింటి మీదే నిలుస్తుంది లేదా కూలుతుంది.

మామూలు ఘటన ఎప్పుడు పెను ఘటన అవుతుంది

రోడ్డు ప్రమాదం, దొంగతనం, కొట్లాట వంటివి ప్రతి పోలీస్ స్టేషన్‌కూ రోజువారీ పని. ఉన్న సిబ్బందితో, అలవాటైన పద్ధతిలో సర్దుబాటు చేయలేని పరిస్థితి వచ్చినప్పుడు దాన్ని పెను ఘటనగా పరిగణిస్తారు. మృతుల సంఖ్యను బట్టి మాత్రమే ఈ గీత గీయరు. పదిమంది ఉన్న చిన్న పట్టణ పోలీసులకు ఒక బస్సు లోయలో పడడమే పెను ఘటన. మహానగరానికి అది బరువైన రోజు మాత్రమే కావచ్చు.

ఇందులో కీలకమైన మెట్టు ప్రకటన. ‘ఇది పెను ఘటన’ అని ఎవరో ఒకరు అధికారికంగా వైర్‌లెస్‌లో చెప్పాలి. ఆ మాటతో ఆసుపత్రులు ఆపరేషన్ థియేటర్లు ఖాళీ చేయడం మొదలుపెడతాయి, సెలవులో ఉన్నవారిని పిలుస్తారు, పక్క జిల్లాల బలగాలు బయల్దేరతాయి. బ్రిటన్‌లో 2017 మే 22 రాత్రి 10.31కి మాంచెస్టర్ అరీనాలో బాంబు పేలి 22 మంది చనిపోయారు. అక్కడి పోలీసు విభాగం పెను ఘటన అని ప్రకటించేసరికి దాదాపు ఒంటి గంట అయింది. అప్పటికి అందరికీ విషయం తెలుసు కదా, ప్రకటనతో పనేమిటి అనిపించవచ్చు. అందరికీ తెలిసి ఉండడం వేరు, అందరి చేతా పని చేయించే ఆదేశం వెలువడడం వేరు.

ప్రకటనతో పాటు మొదటి సమాచారం ఏ వరుసలో చెప్పాలన్నది కూడా ముందే నిర్ణయించి ఉంటుంది. బ్రిటన్‌లో పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బంది ముగ్గురూ ఒకే వరుస వాడతారు: పెను ఘటనగా ప్రకటించామా లేదా, కచ్చితంగా ఎక్కడ, ఏ రకం ఘటన, ఇంకా పొంచి ఉన్న ప్రమాదాలేమిటి, రావడానికి ఏ దారి క్షేమం, ఎంతమంది గాయపడ్డారు, ఏయే విభాగాలు కావాలి. ఆ ఇంగ్లిషు పదాల తొలి అక్షరాలు కలిపి మీథేన్ నివేదిక అంటారు. కంగారులో ఉన్న మనిషికి ఏదో ఒకటి గుర్తుండదు. గుర్తుండనిది సాధారణంగా దారి సంగతే.

మొదటి అరగంట గస్తీ పోలీసులదే

ప్రత్యేక కమాండో దళాలు, బాంబు స్క్వాడ్లు, సంప్రదింపుల నిపుణులు అనగానే జనం మనసులో ఒక చిత్రం మెదులుతుంది. అయితే ఆ దళాలు వచ్చేసరికి చాలా ఘటనల్లో జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. మొదట చేరేది మామూలు గస్తీ వాహనంలో ఉన్న ఇద్దరు ముగ్గురు.

ఒకప్పుడు వారి పని చుట్టుముట్టి నిలబడడం, ప్రత్యేక దళం కోసం ఆగడం. 1999 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్ హైస్కూల్‌లో జరిగింది అదే. శిక్షణలో చెప్పినట్టే పోలీసులు బడిని చుట్టుముట్టారు. లోపల గాయపడిన ఒక టీచరుకు గంటల తరబడి రక్తం కారుతూనే ఉంది. ఇక్కడ ఒక మనిషి రక్తస్రావంతో చనిపోతున్నాడని రాసిన బోర్డును విద్యార్థులు కిటికీలో పెట్టారు. సహాయం అందేసరికి ఆయన దక్కలేదు. నిబంధన ప్రకారం చూస్తే పోలీసులు తప్పు చేయలేదు. తప్పు నిబంధనలోనే ఉంది. బందీలను పట్టుకుని బేరాలాడే నేరస్థుల కోసం రాసిన పద్ధతిని, చంపడమే పనిగా వచ్చిన వారికి వర్తింపజేశారు.

కొలంబైన్ తర్వాత అమెరికాలో పద్ధతి తలకిందులైంది. కాల్పులు సాగుతుంటే మొదట వచ్చినవారు ఎంతమంది ఉంటే అంతమందే లోపలికి వెళ్లాలి, గాయపడినవారిని కూడా దాటుకుని దుండగుడి వైపే వెళ్లాలి. చదవడానికి కఠినంగా ఉన్నా దీని లెక్క సరళం: తుపాకీ ఆగితేనే కొత్త క్షతగాత్రులు పుట్టరు. 2015 నవంబరు 13న పారిస్‌లోని బతాక్లాన్ సంగీత మందిరంలోకి మొదట ప్రవేశించింది ప్రత్యేక దళం కాదు. పిస్తోలు మాత్రమే చేతిలో ఉన్న ఒక పోలీసు అధికారి, ఆయన డ్రైవరు. వారు ఒక దుండగుణ్ని పడగొట్టారు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదులపై దాడి చేసి 51 మంది ప్రాణాలు తీసిన వ్యక్తిని రోడ్డు మీద కారుతో ఢీకొట్టి పట్టుకున్నదీ కమాండోలు కారు. పల్లె స్టేషన్లలో పనిచేసే ఇద్దరు పోలీసులు. సాయుధులను ఎదుర్కోవడం గురించి జరుగుతున్న శిక్షణ తరగతికి ఆ రోజు నగరానికి వచ్చినవారు.

యువాల్డీలో ఈ కొత్త పద్ధతి తెలియక ఆగారనుకుంటే పొరపాటు. ఆ పోలీసులు అందులో శిక్షణ పొందినవారే. దుండగుడు గదిలో ఉండి తలుపు మూసుకున్నాడు కాబట్టి ఇది ‘చుట్టుముట్టి మాట్లాడాల్సిన’ ఘటనగా మారిందని అక్కడి అధికారి అనుకున్నారు. అమెరికా న్యాయశాఖ 2024 జనవరి నివేదిక అత్యంత తీవ్రంగా తప్పుపట్టింది ఈ అంచనానే. లోపల పిల్లలు ఉన్నారని, గాయపడ్డారని సమాచారం వస్తున్నా ఆ అంచనా మారలేదు. ఘటనకు ఒకసారి ఒక పేరు పెట్టేశాక మనసు ఆ పేరును వదలదు. నా దృష్టిలో యువాల్డీలో ఆయుధాల కంటే, సంఖ్య కంటే పెద్ద పాఠం ఇదే.

ఆగడమూ కొన్నిసార్లు సరైన పనే, ఎప్పుడన్నదే చిక్కు

అలాగని ప్రతిసారీ దూసుకెళ్లాలనే సూత్రం చెల్లదు. బందీలను పట్టుకున్న వ్యక్తి కాల్పులు జరపకుండా మాట్లాడుతున్నంతసేపు కాలం పోలీసుల పక్షమే. అలసట, ఆకలి, భయం అతన్ని మెత్తబరుస్తాయి. సంప్రదింపులతో ముగిసే బందీ ఘటనలు వార్తల్లో పెద్దగా కనిపించవు కాబట్టి మనకు గుర్తుండవు.

2014 డిసెంబరు 15న సిడ్నీలోని లింట్ కేఫ్‌లో ఒక సాయుధుడు 18 మందిని బంధించాడు. పోలీసులు 16 గంటలకు పైగా ఆగారు. అర్ధరాత్రి దాటి రెండు గంటల వేళ కొందరు బందీలు తప్పించుకున్నారు, అతను మొదటి తూటా పేల్చాడు. పోలీసులు అప్పటికీ లోపలికి వెళ్లలేదు. మరో పది నిమిషాలకు అతను కేఫ్ మేనేజరును చంపాక వెళ్లారు. ఆ కాల్పుల్లో పోలీసు తూటా ముక్కలు తగిలి మరో బందీ మరణించారు. మొదటి తూటా తర్వాతే వెళ్లి ఉండాల్సిందని 2017లో కరోనర్, అంటే మరణాలపై విచారణ జరిపే అధికారి, తేల్చారు.

పోలీసుల వాదనను కూడా న్యాయంగా చూడాలి. అతని సంచిలో బాంబు ఉందని వారు నమ్మారు. అదే నిజమై ఉంటే లోపలికి వెళ్లిన క్షణంలోనే అందరూ పోయేవారు. సంచిలో బాంబు లేదని తేలింది తర్వాత. తర్వాత తెలిసినదాన్ని ముందే తెలిసినట్టు పట్టుకుని తీర్పు చెప్పడం తేలిక. అయినా కరోనర్ లేవనెత్తిన ప్రశ్న బలమైనదే: ఆగితే పెరిగే ప్రమాదాన్ని, వెళితే వచ్చే ప్రమాదంతో ఎవరైనా గంటగంటకూ తూచి చూశారా? ఆ ఘటన తర్వాత న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం, ఉగ్రవాద ఘటనగా ప్రకటించిన సందర్భాల్లో ప్రాణాంతక బలప్రయోగానికి పోలీసులకు మరింత స్పష్టమైన చట్టరక్షణ కల్పించింది.

ఈ సందిగ్ధాన్ని తగ్గించడానికి వచ్చినదే స్థలాన్ని మూడు మండలాలుగా విభజించే పద్ధతి. ప్రమాదం ప్రత్యక్షంగా ఉన్న చోటు వేడి మండలం, అక్కడ సాయుధ పోలీసులే. ప్రమాదం తగ్గినా పూర్తిగా పోని చోటు వెచ్చని మండలం. పూర్తి క్షేమమైనది చల్లని మండలం. పూర్వం వైద్య సిబ్బంది చల్లని మండలం దాటేవారు కాదు. ఇప్పుడు చాలా దేశాల్లో పోలీసు రక్షణతో వారిని వెచ్చని మండలంలోకి తీసుకెళ్తున్నారు. గస్తీ పోలీసుల నడుముకే రక్తస్రావం ఆపే పట్టీలు ఉంటున్నాయి.

ఎవరు పెద్ద: అధికార నిర్మాణం ఎలా పుట్టింది

1970 శరదృతువులో దక్షిణ కాలిఫోర్నియాలో 13 రోజుల పాటు కార్చిచ్చులు చెలరేగి 16 మంది చనిపోయారు. పదుల సంఖ్యలో విభాగాలు వచ్చాయి. ఒక్కో విభాగానిదీ ఒక్కో పరిభాష, ఒక్కో వైర్‌లెస్, ఒక్కో అధికారి. అక్కడి చేదు అనుభవం నుంచే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ పుట్టింది. 2004లో అమెరికా దీన్ని జాతీయ స్థాయి విధానంలో భాగం చేసింది. ఇందులో మౌలికాంశాలు తక్కువే. ఘటనకు ఒక్కరే అధిపతి, లేదా విభాగాలు కలిసి ఏర్పరచుకున్న ఒక్కటే ఉమ్మడి నాయకత్వం. ఒక్కొక్కరి కింద ముగ్గురి నుంచి ఏడుగురి దాకా మాత్రమే, ఐదుగురైతే మేలు. రంగంలో పని, ప్రణాళిక, సరఫరా, ఖర్చులు అనే నాలుగు పనులకు నలుగురు వేర్వేరు మనుషులు.

బ్రిటన్ మరో దారిలో వెళ్లింది. 1985లో లండన్‌లోని బ్రాడ్‌వాటర్ ఫార్మ్ అల్లర్లలో ఒక పోలీసు ప్రాణాలు కోల్పోయాక, ఎవరి పని ఏమిటో హోదాను బట్టి కాక బాధ్యతను బట్టి పంచారు. వాటికి గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని పేర్లు. ఏం సాధించాలో గోల్డ్ నిర్ణయిస్తాడు. ఎలా సాధించాలో సిల్వర్. చేతులతో చేసేది బ్రాంజ్. గోల్డ్ ఘటనాస్థలానికి వెళ్లకూడదన్నది ఇందులోని అసలు కిటుకు. పెద్ద అధికారి అక్కడికి వెళ్లగానే చూపు ఒక తలుపు మీదే పడుతుంది, మిగతా నగరం ఆయన కళ్లకు కనిపించదు.

యువాల్డీలో బడి పోలీసుల చిన్న విభాగానికి ఒక అధిపతి ఉన్నారు. ప్రణాళిక ప్రకారం ఘటనాధిపతి ఆయనే. ఆయన వైర్‌లెస్ సెట్లు బయటే వదిలేసి లోపలికి వెళ్లి, వరండాలో నిలబడి తాళంచెవుల కోసం వెతుకుతూ ఉండిపోయారు. వచ్చినవారిలో పెద్ద పెద్ద విభాగాల అధికారులు ఉన్నారు. ఎవరూ ‘ఇకపై నాదే బాధ్యత’ అనలేదు. ఎవరో ఒకరు చూసుకుంటున్నారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. నలుగురు మోస్తున్నారని ఎవరూ భుజం పెట్టని పల్లకీలా అయింది.

ఒక రాత్రి, ఒక ట్యాంకర్: పద్ధతి ఆచరణలో ఎలా ఉంటుంది

దాడులను కాసేపు పక్కన పెట్టి, ఒక ఊహాజనిత ప్రమాదాన్ని తీసుకుందాం. రాత్రి పదిన్నరకు రహదారిపై ట్యాంకర్ బోల్తా పడింది. గస్తీలో ఉన్న ఇద్దరు పోలీసులు మొదట చేరుకున్నారు. డ్రైవరు క్యాబిన్‌లో చిక్కుకుని కేకలు వేస్తున్నాడు.

పరుగెత్తుకెళ్లాలనిపిస్తుంది. శిక్షణ అందుకు విరుద్ధంగా చెబుతుంది: దూరంగా, గాలి వచ్చే వైపు ఆగి, ట్యాంకర్ మీద ఉన్న నారింజ రంగు పలక చూడాలి. దాని మీద 1017 అని ఉంది. అంతర్జాతీయంగా ఆ సంఖ్య క్లోరిన్‌ది. క్లోరిన్ గాలి కంటే బరువు, పల్లానికి పారుతుంది. ముసుగు లేకుండా వెళ్తే రక్షించాల్సినవారి సంఖ్య ఒకటి నుంచి మూడు అవుతుంది. కాబట్టి వారు వెళ్లరు. వైర్‌లెస్‌లో ఇందాక చెప్పుకున్న వరుసలో సమాచారం ఇస్తారు. ‘ఉత్తరం వైపు నుంచే రండి’ అన్న ఒక్క మాట ఆ రాత్రి అంబులెన్సులన్నింటినీ కాపాడుతుంది.

ఈ క్షణంలో ఘటనాధిపతి ఎవరు? హోదా ఏదైనా సరే, ఆ ఇద్దరిలో సీనియర్. ఇరవై నిమిషాలకు ఇన్‌స్పెక్టర్ వస్తారు. ఆయన వచ్చినంత మాత్రాన అధికారం మారదు. పరిస్థితి విని, ‘ఇప్పటి నుంచి నాది బాధ్యత’ అని వైర్‌లెస్‌లో ప్రకటించాకే మారుతుంది. అగ్నిమాపక అధికారి వస్తే ఇద్దరూ ఒకే చోట, ఒకే పటం ముందు నిలబడతారు. విషవాయువు దగ్గరి లోపలి వలయం అగ్నిమాపక దళానిది. జనాన్ని, వాహనాలను ఆపే బయటి వలయం పోలీసులది.

ఇప్పుడు అసలైన కష్టం. కిలోమీటరు దూరంలో పల్లపు ప్రాంతంలో ఒక వృద్ధాశ్రమం ఉంది. ఖాళీ చేయించాలా? నడవలేని అరవైమందిని వాహనాల్లో ఎక్కించడానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరలో మేఘం అక్కడికి చేరితే వారు ఆరుబయట దానికి ఎదురుగా ఉంటారు. కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, పై అంతస్తుకు చేర్చడం మేలు కావచ్చు. ఎత్తు మీద ఉన్న కాలనీకి మాత్రం వేరే నిర్ణయం. ఒంటి గంటకు గాలి దిశ మారితే రెండు నిర్ణయాలూ మళ్లీ మొదటికి వస్తాయి. అందుకే ప్రణాళిక చూసే మనిషి రంగంలో పనిచేయకూడదు. అతని పని రాబోయే రెండు గంటల గురించి ఆలోచించడమే.

ఇవన్నీ సాగుతుండగా బయటి వలయంలో పన్నెండు మంది సిబ్బందికి తెల్లవారుజామున మంచినీళ్లు, విశ్రాంతి, మారు మనుషులు కావాలి. ప్రమాదానికి కారణం తేల్చడానికి టైరు గుర్తులు చెరిగిపోకూడదు. నాటకీయత లేని ఈ పనులే ఎక్కువ సమయం తింటాయి.

సమాచారం ఎక్కడ చిక్కుకుంటుంది

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో మొదటి భవనం కూలాక, రెండోది కూడా కూలేలా ఉందని హెలికాప్టర్‌లో ఉన్న పోలీసులు వైర్‌లెస్‌లో హెచ్చరించారు. ఆ మాట పోలీసులకు అందింది. వేరే తరంగాలపై మాట్లాడుకునే అగ్నిమాపక సిబ్బందికి చేరలేదు. రెండు విభాగాల అధికారులూ వేర్వేరు చోట్ల నిలబడి ఉన్నారు. ఆ రోజు 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వారందరి మరణానికీ ఇదే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. ఖాళీ చేయమన్న ఆదేశం విన్నవారిలోనూ కొందరు బయటపడలేకపోయారు. అయినా ఆ ఖాళీ స్పష్టం.

ఆ తర్వాత అందరూ మాట్లాడుకోగలిగే డిజిటల్ వైర్‌లెస్‌ల మీద ప్రభుత్వాలు భారీగా ఖర్చుపెట్టాయి. చిక్కు మాత్రం పరికరంతో తీరలేదు. 2011 జులై 22న నార్వే రాజధాని ఓస్లోలో బాంబు పెట్టి వెళ్లిపోతున్న వ్యక్తిని చూసిన ఒక పౌరుడు, పేలుడు జరిగిన దాదాపు పది నిమిషాలకే అతని వాహనం నంబరుతో సహా పోలీసులకు ఫోన్‌లో చెప్పాడు. ఆ వివరం ఒక చీటీ మీదకు ఎక్కి బల్ల మీద విలువైన నిమిషాలు పడి ఉంది. దుండగుడు ఉటోయా దీవికి వెళ్లి మరో 69 మందిని చంపాడు. దీవికి బయల్దేరిన పోలీసులు మోయలేనంత మంది ఎక్కడంతో రబ్బరు పడవ ఇంజిన్ ఆగిపోయింది. పౌరుల పడవలే దిక్కయ్యాయి. మరుసటి ఏడాది నివేదిక ఇచ్చిన కమిషన్, వనరుల కొరత కంటే నాయకత్వం, సమన్వయం, పనిసంస్కృతి లోపాలనే ఎక్కువగా ఎత్తిచూపింది.

దక్షిణ కొరియా ఘటనలో కారణం మరొకటి. 2022 అక్టోబరు 29న సియోల్‌లోని ఇటేవాన్ ఇరుకు సందులో తొక్కిసలాట జరిగి 159 మంది మరణించారు. జనం నలిగిపోయేలా ఉన్నారంటూ సాయంత్రం 6.34కే పోలీసులకు మొదటి ఫోన్ వచ్చింది. ప్రమాదానికి ముందు అలాంటివి మొత్తం 11. నాలుగింటికే సిబ్బందిని పంపారు. ఆ రాత్రి అక్కడ 137 మంది పోలీసులు ఉన్నా, వారిలో ఎక్కువమందిని పంపింది నేరాలు అరికట్టడానికి. చదరపు మీటరుకు నలుగురు దాటితే మనిషి స్వేచ్ఛగా కదల్లేడు. ఆరేడుగురికి చేరితే ఆ గుంపు ద్రవంలా ఊగుతుంది, ఎవరి అడుగు వారి వశంలో ఉండదు. ఆ లెక్క తెలిసిన మనిషికి 6.34 నాటి ఫోన్ ఒక హెచ్చరిక. నేరం కోసం చెవులు రిక్కించినవారికి అది ఒక ఫిర్యాదు.

1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలోనూ ఇంతే. 97 మంది ప్రాణాలు తీసిన ఆ తొక్కిసలాటను మొదట పోలీసులు అభిమానుల అల్లరిగా చూశారు. బందోబస్తు అధిపతి ఆ బాధ్యతలోకి వచ్చి మూడు వారాలైనా కాలేదు.

మందీ మార్బలం ఎక్కువైతే మంచిదేనా

పిలవకుండానే వచ్చేవారి సమస్య బయట పెద్దగా తెలియదు. 2013లో బోస్టన్ మారథాన్ బాంబు దాడి తర్వాత నిందితులు వాటర్‌టౌన్‌లో కనిపించారనగానే చుట్టుపక్కల విభాగాల పోలీసులు తమంతట తామే పరుగెత్తారు. వాహనాలతో దారులు మూసుకుపోయాయి. ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియని స్థితిలో పోలీసులే ఒకరికొకరు ఎదురుగా ఉండి కాల్పులు జరిపారు. తర్వాతి సమీక్ష ఈ రెండింటినీ తప్పుపట్టింది. అదే బోస్టన్‌లో పేలుడు జరిగిన చోట మాత్రం పని అద్భుతంగా సాగింది. ఘటనాస్థలంలో ముగ్గురు చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. ఆసుపత్రికి చేరిన క్షతగాత్రుల్లో ఒక్కరూ మరణించలేదు. అక్కడ పోలీసులు, వైద్యులు అంతకుముందు కలిసి కసరత్తులు చేసి ఉన్నారు.

ఆయుధాల మీద వాదన ఇంకా తేలలేదు. అమెరికా సైన్యం తన మిగులు సామగ్రిని 1990ల నుంచి పోలీసు విభాగాలకు ఇస్తోంది. 2014లో ఫెర్గూసన్ పట్టణ నిరసనల్లో కవచ వాహనాలు కనిపించాక 2015లో పరిమితులు పెట్టారు. 2017లో ఎత్తేశారు. ఆ సామగ్రి ఉన్న చోట నేరాలు తగ్గాయని 2017లో వచ్చిన కొన్ని అధ్యయనాలు అన్నాయి. మరింత కచ్చితమైన సమాచారంతో లెక్కించిన తర్వాతి పరిశోధకులకు ఆ ఫలితం కనబడలేదు. సాయుధుణ్ని ఎదుర్కొనే చోట తూటాను ఆపే కవచ వాహనం పోలీసును బతికిస్తుందన్నది నిజం. అదే వాహనం ఊరేగింపు ఎదుట నిలబడితే జనానికి, పోలీసులకు మధ్య ఉన్న నమ్మకాన్ని తినేస్తుందన్నదీ నిజం. ఒకే వస్తువుకు రెండు సందర్భాలు. వాదించేవారిలో ఒక్కొక్కరు ఒక్కో సందర్భాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడతారు.

పుకార్లు, ప్రత్యక్ష ప్రసారాలు

2005లో కత్రినా తుపానుకు న్యూ ఆర్లియన్స్ మునిగినప్పుడు వైర్‌లెస్ వ్యవస్థ కుప్పకూలింది. చాలామంది పోలీసులు తామే బాధితులయ్యారు. సహాయ శిబిరంలో హత్యాకాండ జరుగుతోందన్న వదంతులు అధికారుల నోటి నుంచే వెలువడ్డాయి. చాలావరకు అబద్ధాలని తర్వాత తేలింది. ఆలోపు వరద నుంచి జనాన్ని బయటకు తెస్తున్న పోలీసులను లూటీలు ఆపడానికి మళ్లించారు. సమాచారం లేని చోట భయమే సమాచారంగా చలామణి అవుతుంది, అది నిర్ణయాలను కూడా తీసుకుంటుంది.

2008 నవంబరు 26న ముంబయిలో 166 మంది ప్రాణాలు తీసిన దాడి సమయంలో టీవీ ఛానళ్లు భద్రతా దళాల కదలికలను నేరుగా చూపించాయి. సరిహద్దు అవతల ఆ ప్రసారాలు చూస్తూ కొందరు దుండగులకు ఫోన్‌లో సూచనలిచ్చారు. ఉగ్రవాద వ్యతిరేక చర్యల ప్రత్యక్ష ప్రసారాన్ని నిషేధిస్తూ భారత్ 2015లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చింది. అప్పటికే ప్రతి జేబులో ఒక కెమెరా ఉంది. ఛానళ్లకు పెట్టిన నిబంధన చూపరుల ఫోన్లకు అంటదు. అందుకే ఇప్పుడు చాలా విభాగాలు నోరు మూసుకుని కూర్చోవడం కంటే, ధ్రువపడినది కొద్దిగానైనా వెంటవెంటనే తామే చెప్పడం మంచిదనుకుంటున్నాయి.

తప్పు ఎవరిదని తేల్చగలమా

అమెరికా సుప్రీంకోర్టు 2005లో ఒక కేసులో, నిర్దిష్ట వ్యక్తిని కాపాడాల్సిన రాజ్యాంగబద్ధ బాధ్యత పోలీసులకు సాధారణంగా ఉండదన్న వైఖరి తీసుకుంది. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ బడిలో 17 మంది చనిపోతుంటే బయటే నిలబడ్డ అధికారిని 2023లో జ్యూరీ నిర్దోషిగా విడిచిపెట్టింది. ఇటేవాన్ కేసులో స్థానిక పోలీసు అధిపతికి 2024లో కింది కోర్టు మూడేళ్ల జైలు విధించింది. ఆయన పైఅధికారి నిర్దోషిగా బయటపడ్డారు. వ్యక్తుల్ని శిక్షిస్తేనే భవిష్యత్తులో ఎవరైనా బాధ్యత తీసుకుంటారని బాధితుల కుటుంబాలు అంటాయి. శిక్ష భయం పెరిగితే అధికారులు నిర్ణయాలే తీసుకోరని, సమీక్షల్లో నిజం చెప్పరని పోలీసు సంఘాలు అంటాయి. రెండూ తోసిపుచ్చదగిన వాదనలు కావు.

మాక్ డ్రిల్‌లో బయటపడిన లోపం ఏమవుతుంది

సన్నద్ధత ఎక్కువగా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి, అధికారులందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని ‘ఇప్పుడు విద్యుత్ పోయింది, ఏం చేస్తారు?’ తరహా ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడం. ఖర్చు తక్కువ, లోపాలు బాగా పట్టుకుంటుంది. రెండోది, నకిలీ గాయాలు, నకిలీ తూటాలతో నిజంగా చేసే మాక్ డ్రిల్. ఇది ఖరీదైనది, వార్తల్లో బాగా కనిపిస్తుంది. ఫొటోలు బాగా వచ్చే కసరత్తులో తప్పులు జరిగే వీలు తక్కువగా ఉంచుతారన్న విమర్శ ఉంది. అది న్యాయమైనదే. విఫలం కావడానికి అవకాశమే లేని కసరత్తును ప్రదర్శన అనాలి.

మాంచెస్టర్‌లో జరిగినది మాత్రం ప్రదర్శన కాదు. అరీనా దాడికి దాదాపు ఏడాది ముందు, 2016 మేలో, అక్కడి ట్రాఫర్డ్ సెంటర్‌లో భారీ కసరత్తు నిర్వహించారు. కంట్రోల్ రూమ్‌లో విధి నిర్వహణ అధికారి ఒక్కరి మీదే మోయలేనంత భారం పడుతోందని, సాయుధ దాడి హెచ్చరిక మిగతా విభాగాలకు సకాలంలో చేరడం లేదని అందులో బయటపడింది. 2017లో నిజమైన రాత్రి వచ్చినప్పుడు ఆ రెండూ అలాగే పునరావృతమయ్యాయి. విధి నిర్వహణ అధికారి హెచ్చరిక ప్రకటించారు గానీ అగ్నిమాపక, అంబులెన్స్ విభాగాలకు చెప్పలేదు. అగ్నిమాపక సిబ్బంది రెండు గంటలకు పైగా రాలేదు. పేలుడు జరిగిన గదిలోకి మొదటి 40 నిమిషాల్లో ఒక్క పారామెడిక్ మాత్రమే వెళ్లారు. సరైన సాయం అందితే ఒకరు బతికే అవకాశం ఉండేదని 2022లో వచ్చిన విచారణ నివేదిక తేల్చింది.

ఆ నివేదిక చేసిన సిఫారసులు 149. వాటి అమలు ఎంతవరకు వచ్చిందో చెప్పమని విచారణ అధిపతి, నివేదిక ఇచ్చేసి వెళ్లిపోకుండా, సంబంధిత విభాగాలను మళ్లీ బహిరంగంగా పిలిచి అడిగారు.